గొడ్డు తరవాతి మాట

ఆవిరక్క అసలు పేరు హాజరు వేసే గుమాస్తాకి తప్ప ఆ లాండ్రీలో ఇంకెవరికీ తెలియదు. తెలుసుకోవాలని ఎవరికీ తోచను కూడా లేదు. ఆవిరి ఇస్త్రీ మిషను దగ్గర నిలబడే మనిషి ఆవిరక్క కాక ఇంకేమవుతుంది?

పెద్ద ఆసుపత్రి అడుగున, నేలమాళిగలో ఉంటుంది ఆ లాండ్రీ. పై అంతస్తుల్లోంచి రోగుల దుప్పట్లు, దిండు గలేబులు, ఆపరేషన్లకి వేసుకునే ఆకుపచ్చ గౌన్లు అన్నీ ఒక వెడల్పాటి రేకు గొట్టంలోంచి దబ్బుదబ్బున కిందికి జారిపడతాయి. ఉతికే మిషన్లు ఒక వరస, ఆరబెట్టే మిషన్లు ఒక వరస, వాటి తరవాత ఆవిరి ఇస్త్రీ, చిట్టచివర మడతల బల్ల. లోపల ఎండాకాలం, చలికాలం అని రెండు లేవు. ఉన్నది ఒక్కటే, ఉడుకుకాలం. సాయంత్రమయ్యేసరికి అందరూ పిండేసిన గుడ్డల్లా వేలాడిపోతుంటే ఆవిరక్క మాత్రం పొద్దున వచ్చినట్టే, నున్నగా, నిగనిగలాడుతూ ఇంటికెళ్తుంది.

"మా అక్క తనని తనే ఇస్త్రీ చేసుకుంటుందే! లేకపోతే ఈ వయసులో ఆ మొహం మీద ఒక్క ముడతన్నా ఉండద్దూ?" అంటుంది మడతల బల్ల దగ్గరి బుల్లెట్. నోట్లోంచి మాట బయల్దేరాక ఆ పిల్లని ఆపడం ఎవరి తరమూ కాదు గనక ఆమెకా పేరు.

నిజానికి ఆవిరక్క ఆ లాండ్రీలోకి రావడమే దారి తప్పి రావడం. పెళ్ళి పాతబడి, ఇంకా పిల్లాజెల్లా లేరేమని చుట్టాలు ఆరాలు తీయడం మొదలుపెట్టాక, మొగుడూ పెళ్ళాలిద్దరూ ఇదే ఆసుపత్రి మూడో అంతస్తు చుట్టూ తిరిగారు. తిరిగి తిరిగి చెప్పులు అరిగాయి. ఆఖరికి ఒక పెద్ద డాక్టరమ్మ వీళ్ళ కాగితాలన్నీ అటూ ఇటూ తిరగేసి, కళ్ళజోడు తీసి, "ఇద్దరిలోనూ లోపమేమీ లేదమ్మా. మరెందుకు కలగట్లేదో మాకూ తెలీట్లేదు" అంది. లోపముందంటే కూచుని ఏడవచ్చు. మందుందంటే మింగొచ్చు. తెలీట్లేదంటే ఏం చెయ్యాలి? మొగుడు డాక్టరమ్మని ఇంకేదో అడుగుతూ ఆగిపోతే, ఈవిడ మెట్లు దిగుతూ దిగుతూ ఎక్కడ ఆగాలో మర్చిపోయి నేలమాళిగ దాకా వెళ్ళిపోయింది. తలుపు తోస్తే ఎదురుగా తెల్లటి ఆవిరి. ఆ ఆవిరి వెనకాల ఎవరో ఆడవాళ్ళు పగలబడి నవ్వుతున్నారు. ఆసుపత్రిలో నవ్వు వినడం అదే మొదలు ఆవిడకి. "ఇక్కడ పనేమైనా ఉందా అండీ?" అని అడిగేసింది. ఎందుకడిగిందో ఇప్పటికీ తనకే తెలియదు.

మొగుడు లిఫ్టుల మెకానిక్కు. ఎక్కడో ఎవరో రెండంతస్తుల మధ్య ఇరుక్కుపోతే వెళ్ళి బయటికి తీస్తుంటాడు. ఇంట్లో మాత్రం తనే మాటకీ మాటకీ మధ్య ఇరుక్కుపోయే రకం. ఇల్లు రెండు వాటాలు. ఒక వాటాలో వీళ్ళు, పక్క వాటాలో మరిదీ, అతని పెళ్ళాం. ఆ తోడికోడలికి కూడా ఆవిరక్కే లాండ్రీలో, మడతల బల్ల దగ్గర, పని చూపించింది. అందరూ ఆమెని చిన్నకోడలు అనే పిలుస్తారు, అత్తగారు పోయి కొన్నేళ్ళయినా సరే.

అత్తగారంటే గుర్తొచ్చింది. ఆవిడ నోటికి ఊరూవాడా భయపడేది. కానీ పిల్లల్లేని ఆడదాన్ని లోకం ఏమంటుందో ఆ మాట ఒక్కటీ పెద్దకోడలి మొహాన అనకుండానే కన్నుమూసింది. ఆవిరక్కకి దాన్ని చూసుకుని లోపల్లోపల గర్వం. మా ఇంట్లో ఆ మాట లేదు అని. కొందరిళ్ళల్లో పెద్ద బీరువా ఉందని ఎలా గొప్ప చెప్పుకుంటారో, ఆవిడకి ఆ మాట లేకపోవడం అలాంటి గొప్ప.

చిన్నకోడలికి ఒక్కతే కూతురు. పిట్టలా అటూ ఇటూ గెంతుతుంది కనక పిచ్చుక. పిచ్చుకకి అమ్మ వాటాలో కంచం ఉంది గానీ అన్నం తినేది పెద్దమ్మ వాటాలో. పలక పట్టిన రోజునుంచీ చదివేది, అలిగేది, జ్వరమొస్తే పడుకునేది పెద్దమ్మ దగ్గరే. ఇప్పుడు మరిదికి వేరే ఊళ్ళో లారీల డిపోలో పని కుదిరింది. ఆదివారం సామానుతో బయల్దేరాలి. బడి మధ్యలో ఉంది, పిల్లేమో రానని మొండికేసింది.

బుధవారం సాయంత్రం చిన్నకోడలు వచ్చి గుమ్మంలో నిలబడింది. "అక్కా, ఈ ఏడు బడి అయ్యేదాకా దీన్ని నీ దగ్గరే ఉంచనా? ఆ తరవాత సంగతి చూద్దాం."

ఆ 'చూద్దాం' వినగానే ఆవిరక్క గుండె ఎగిరి గంతేసింది. అలాగని మనిషి కూడా గంతేస్తే ఏం బాగుంటుంది? పెద్దదాన్ని గదా అని, మొహం గంభీరంగా పెట్టి, "మీ బావగారితో ఆలోచించి శుక్రవారం చెప్తాలే" అంది. ఆలోచించడానికి అందులో ఏమీ లేదు. బావగారు అప్పటికే లోపల టేపు పట్టుకుని, మంచం ఎక్కడ పడుతుందో పిచ్చుకతో కలిసి కొలుస్తున్నాడు.

గురువారం మధ్యాహ్నం వచ్చిపడింది చిక్కు.

ఇస్త్రీ అయిన గలేబుల ట్రాలీ తోసుకుంటూ ఆవిరక్క మడతల బల్ల వైపు వస్తోంది. మధ్యలో తీగ మీద చెమ్మ దుప్పట్లు తెరల్లా వేలాడుతున్నాయి. అవతల ఎవరున్నదీ కనబడదు గానీ మాటలు వినబడుతున్నాయి.

"పిల్లని నిజంగానే వదిలేసి పోతావుటే?" అంది సూది పిన్ని. చిరిగిన దుప్పట్లకి కుట్లు వేసేది ఆవిడే. అక్కడందరికీ పిన్ని.

"వదిలెయ్యడమేంటి పిన్నీ, నా పిల్లేమన్నా పిల్లి పిల్లా? మా అక్క దగ్గరుంటుంది."

"ఆవిడ ఒప్పుకోవద్దూ?"

"ఒప్పుకోకేం? మా అక్క అసలే గొడ్డు..."

సరిగ్గా అప్పుడే మూడో నంబరు ఆరబెట్టే మిషను భోరుమంది. దాని లోపల ఏదో అరిగిపోయి, మొదలైందంటే విమానం నెత్తిమీద దిగినంత గోల. ఆవిరక్క ట్రాలీ ఆపేసింది. దుప్పట్ల సందులోంచి చూస్తే చిన్నకోడలి వీపు, దానికవతల నవ్వుతున్న బుల్లెట్ పళ్ళు, తల ఊపుతున్న సూది పిన్ని. వాళ్ళకేం, మిషన్ల గోలలో పెదాలు చూసే మాట్లాడుకుంటారు. ఆ లాండ్రీలో చేరిన ఆరునెల్లకి ఎవరికైనా ఆ విద్య వచ్చేస్తుంది. కానీ పెదాలు కనబడాలి గదా! వీపు చూసి ఎవరు చదవగలరు?

గొడ్డు. ఆ తరవాత?

ఇస్త్రీ దగ్గరికి తిరిగొచ్చిందే గానీ ఆవిరక్క బుర్ర పనిచెయ్యడం మానేసింది. పోనీ అది కుక్కో, గాడిదో, గేదో అయినా బాగుండేది. గేదె అంటే లావయ్యానని అర్థం, నాలుగు మెతుకులు తగ్గిస్తే సరి. నిజానికి ఆడపిల్ల పుట్టినప్పట్నించీ జంతువుల్లోనే పెరుగుతుంది. చిన్నప్పుడు చిలకా, పిచ్చుకా, లేడిపిల్లా. కాస్త ఎదిగితే కోతి. ఆ తరవాత ఎవరి ఒంటిని బట్టి, ఎవరి నోటిని బట్టి వాళ్ళకో జంతువు. కానీ గొడ్డు వాటన్నిటిలోకీ వేరు. పశువులన్నిటికీ కలిపి అదొక్కటే మాట, అందులోనూ ఈనని పశువుకి మరీను. అక్కణ్ణించి అది ఎప్పుడు ఎగిరి వచ్చి ఆడవాళ్ళ మీద వాలిందో గానీ, వాలిందంటే మరి లేవదు. మొగుడికీ పిల్లల్లేరు, పెళ్ళానికీ పిల్లల్లేరు. గొడ్డు మాత్రం పెళ్ళామే!

అలా అనుకోగానే కళ్ళు చెమర్చాయి. అంతలో ఇంకో ఆలోచన వచ్చింది. గొడ్డుచాకిరీ అంటారు కదా? 'మా అక్క అసలే గొడ్డుచాకిరీ చేసే మనిషి, పిల్ల పనొక లెక్కా' అందేమో! అదైతే మెచ్చుకోలే. ఆవిరక్క కళ్ళు తుడుచుకుంది. కానీ మెచ్చుకుంటే బుల్లెట్ అన్ని పళ్ళు బయటపెట్టి నవ్వుతుందా? మళ్ళీ చెమర్చాయి. ఇలా ఏడుపుకీ ఏడుపు ఆపడానికీ మధ్య నలిగిపోతూ ఒక డాక్టరుగారి గౌను జేబుని మూడు మడతలు పెట్టి ఇస్త్రీ చేసిపారేసింది.

సాయంత్రం ఇంటికెళ్తే పిచ్చుక గోడకి సుద్దముక్కతో గీతలు గీసి పెట్టింది. "పెద్దమ్మా, ఈ గీత దాకా నా మంచం. బీరువా ఇటు జరపాలి. పెద్దనాన్న ఒప్పుకున్నాడు. నువ్వు ఒప్పుకుంటే చాలు."

"చూద్దాంలే" అంది ఆవిరక్క. అన్నాక నాలిక్కరుచుకుంది. పిల్ల మొహం చిన్నబోయింది.

పిల్ల అటు వెళ్ళాక, మొగుడు టీ తాగుతుంటే మెల్లగా కదిపింది. "ఏవండీ, గొడ్డు అంటే ఏంటండీ?"

"గొడ్డంటే గొడ్డే. పశువు. ఇవాళ ఏడంతస్తులు మెట్లెక్కాను, లిఫ్టు పాడైతే మెకానిక్కు మెట్లే గదా ఎక్కాలి. నాకన్నా గొడ్డెవడే?" అని నవ్వాడు.

"అది కాదు. 'అసలే గొడ్డు' అంటే?"

నవ్వు ఆగిపోయింది. కప్పు కింద పెట్టాడు. "ఎవరన్నారు?"

"ఎవరూ అన్లేదు."

"ఎవరూ అనకుండా ఎలా వస్తుంది మాట?"

"అదే నాకూ అర్థం కావట్లేదు" అంది. అబద్ధం కూడా కాదది.

ఆయన ఇంకేదో అనబోయాడు. నోరు తెరిచి, మూసి, లేచి వెళ్ళి కడిగి బోర్లించిన గ్లాసుల్ని మళ్ళీ కడగడం మొదలుపెట్టాడు. ఇరుక్కుపోయాడు మానవుడు. ఈయన్ని తియ్యడానికి ఎవర్ని పిలవాలో ఆవిరక్కకి తెలియలేదు.

రాత్రంతా ఆలోచించి ఒకటి తేల్చుకుంది. ఆ మాట చెడ్డదైతే, అన్న మనిషి పిల్లని నెత్తిన పెట్టుకుని సాకడానికి తానేం అంత రోషం లేనిది కాదు. పిల్లని పంపించెయ్యడమే. మంచిదైతే ఉంచుకోవడమే. కాబట్టి గొడ్డు తరవాత ఏముందో తెలియాలి. చిన్నకోడల్నే అడిగేస్తే సరిపోతుందిగా అంటారేమో! అడగాలంటే ఆ మాట తన నోటితో తాను పలకాలి. ఇన్నేళ్ళూ ఇంట్లో అడుగుపెట్టనివ్వని మాటని తనే చెయ్యిపట్టుకుని తీసుకొచ్చి కూచోబెట్టినట్టు కాదూ?

శుక్రవారం పొద్దున్నే బుల్లెట్‌ని పక్కకి లాగింది. "నిన్న మీరంతా నా గురించి ఏదో అనుకుని నవ్వుతున్నారుటగా?"

బుల్లెట్ జీవితంలో మొదటిసారి నీళ్ళు నమిలింది. "నీ గురించా? అబ్బే. ఆఁ, అవునవును. గొడ్డుచాకిరీ చేస్తావని అందక్కా మీ చెల్లి. నీ గురించి ఎంత గొప్పగా చెప్పిందనుకున్నావ్!"

"దానికి నవ్వెందుకే?"

"సంతోషంతో నవ్వానక్కా" అని తుర్రుమంది.

ఆవిరక్కకి సగం ప్రాణం లేచొచ్చింది. మిగతా సగం కోసం సూది పిన్ని దగ్గరికెళ్ళింది. పిన్ని సూదిలో దారం ఎక్కిస్తున్నట్టు నటిస్తూ తలెత్తలేదు. "నిన్ననా? అదేనమ్మా, నీ నోరు గొడ్డుకారం లాంటిదని అంది. ఉత్తి కారం ఎలా మండుతుందో అలా. పిల్ల నీకు భయపడి బుద్ధిగా చదువుతుందని."

"నా నోరా? నేను నోరెత్తి ఎవర్నన్నా ఏమన్నా అన్నానా పిన్నీ ఎప్పుడైనా?"

"అన్లేదమ్మా. నేనూ అదే అనుకున్నాను, ఎందుకలా అందో అని" అంది పిన్ని. దారం ఇంకా ఎక్కలేదు. ఆ సూదిలో అప్పటికే వేరే దారం ఉంది మరి.

లేచొచ్చిన సగం ప్రాణం కూడా పోయింది. ఒకరు చాకిరీ అంటారు, ఒకరు కారం అంటారు. ఇద్దరూ కూడబలుక్కుని ఒకే అబద్ధం చెప్పినా నమ్మి ఊరుకునేదేమో. పోనీ ఇద్దరికీ నిజంగానే అలా కనబడిందా? పెదాలు చూసి చదివే మాటలు కదా, ఒకరికి ఒకలా, ఒకరికి ఇంకోలా తోచవచ్చు. అప్పుడు గుర్తొచ్చాడు మేస్త్రీ బాబాయి. మిషన్లన్నిటికీ పెద్ద ఆయనే. గోలలో బతికి బతికి చెవులు పూర్తిగా పోయాయి గానీ, పెదాలు చదవడంలో ఆయన్ని మించినవాళ్ళు లేరు. నిన్న మూడో నంబరు మిషను నొక్కింది ఆయనే. ఎదురుగానే నిలబడ్డాడు.

"బాబాయ్" అని ఆయన భుజం తట్టింది. ఆయన తిరిగి ఆవిడ పెదాల వంక చూశాడు. ఇక ఆ మాట అనక తప్పదు. ఆవిరక్క అటూ ఇటూ చూసింది. గొంతు ఎంత తగ్గిస్తే ఏం లాభం, ఈయన చూసేది పెదాలు. పెదాలకీ సిగ్గేసింది. "నిన్న మా చెల్లి, అదే, గొడ్డు... అని... ఏదో..." అంటూ సగం మింగి, సగం కక్కింది.

"గొడ్డలా?" అన్నాడు బాబాయి గట్టిగా.

ఆవిడ కంగారుగా రెండు చేతులూ ఊపింది. తొందరగా అని కాబోలనుకున్నాడాయన. "గొట్టంలో బట్టలు ఇరుక్కున్నాయా? రేకు వంకరపోయిందా? చెప్పవేం మరి!" అంటూ పరుగున వెళ్ళి, మంటలొస్తే వాడడానికి గోడకి అద్దాల పెట్టెలో పెట్టిన ఎర్రపిడి గొడ్డలి తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు. "నేను మిషన్లన్నీ ఆపేస్తా, నువ్వు పద" అని స్విచ్చులు కట్టేస్తూ పోయాడు.

ఒక్కొక్క మిషనూ ఆగిపోయింది. ఆ నేలమాళిగ అంత నిశ్శబ్దంగా ఉండటం అక్కడ పనిచేసేవాళ్ళెవరూ ఎరగరు. ఆవిరక్క గొడ్డలి పట్టుకుని మధ్యలో నిలబడిపోయింది. దాన్ని ఎలా పట్టుకోవాలో కూడా తెలీక చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుంది. సరిగ్గా అప్పుడే దుప్పట్ల తెర తోసుకుని ట్రాలీతో వచ్చింది చిన్నకోడలు.

"అక్కా... గొడ్డలెందుకక్కా?"

"గొడ్డలి కాదే, గొడ్డు!" అంది ఆవిరక్క.

అనేశాక గానీ తెలియలేదు, అంత గట్టిగా అన్నానని. మిషన్ల గోలకి అలవాటైన గొంతు, ఆ నిశ్శబ్దంలో గోడగోడకీ కొట్టుకుని తిరిగొచ్చింది. బుల్లెట్ చేతిలో గలేబు జారిపడింది. సూది పిన్ని "అయ్యో అయ్యో" అంటూ లేచింది.

చిన్నకోడలు రెండడుగులు వెనక్కి వేసింది. చూపంతా గొడ్డలి మీదే. "అన్నానక్కా. అన్నాను. ముందది కింద పెట్టు."

ఆవిరక్కకి అప్పుడు గుర్తొచ్చింది చేతిలో ఏముందో. "ఛీ, ఇదా, ఇది బాబాయి ఇచ్చాడే, నేను అడగనే లేదు" అని దాన్ని ఇస్త్రీ బల్ల మీద పడుకోబెట్టింది. "ఇప్పుడు చెప్పు. గొడ్డు తరవాత ఏమన్నావ్?"

"వద్దులే అక్కా."

"సగం నేనే విన్నాను. మిగతా సగం వినకపోతే నా బుర్ర పగిలిపోయేలా ఉంది. ఉన్నదున్నట్టు చెప్పు."

"'మా అక్క అసలే గొడ్డు గదా, నా పిల్లని కన్నతల్లి కంటే ఎక్కువగా చూసుకుంటుంది. ఆవిడ దగ్గరుందంటే నేను నిశ్చింతగా నిద్రపోతాను' అన్నాను. ఒట్టు, అంతే. మంచికే అన్నాను."

ఆవిరక్క వింది. ఏ మొహం పెట్టాలో తెలియలేదు. వెనక సగం వింటే ఒళ్ళు పులకరిస్తుంది. ముందు సగం వింటే ఒళ్ళు మండుతుంది. రెండూ ఒకే నోట, ఒకే ఊపిరిలో వచ్చాయే!

"ముందు మాట తీసేసి, వెనకది మటుకు చెప్తే అర్థం కాదుటే?"

"అవుతుందక్కా."

"మరి?"

"తోచలేదక్కా. ఇంట్లో మేమంతా అలా అని అని..." చటుక్కున నోరు మూసేసుకుంది.

"మీరంతా అంటే?"

చిన్నకోడలు ఒంటిమీద ఉన్నది యూనిఫాం అని మరిచిపోయి, కొంగు లేని భుజాన్నే సర్దుకుంది. సూది పిన్ని "పోనిద్దురూ, పని చూసుకుందాం" అంది. ఆవిరక్క కదలలేదు.

"అత్తయ్య అనేదక్కా. నేను కాపురానికొచ్చిన కొత్తల్లోనే. 'గొడ్డు లేచిందా, గొడ్డు డ్యూటీకెళ్ళిందా' అని. నీ పేరు పెట్టి అనడం నేనెప్పుడూ వినలేదు. మొదట్లో మన ఇంట్లో పశువుందేమో, దొడ్లో ఎక్కడా కనబడదేమిటా అని వెతికాను కూడానూ" అంది చిన్నకోడలు. అంత కంగారులోనూ బుల్లెట్‌కి కిసుక్కున నవ్వొచ్చి, నోటికి గలేబు అడ్డం పెట్టుకుంది.

ఆవిరక్క ఇస్త్రీ బల్ల అంచు పట్టుకుంది. ఇన్నేళ్ళూ ఆ ఇంట్లో లేదనుకున్న మాట, తన వీపు వెనకాల రోజూ లేచి, ముఖం కడుక్కుని, ఇల్లంతా తిరిగిందన్నమాట. ఇప్పుడెవరి మీద కోపం తెచ్చుకోవాలి? పోయినావిడతో దెబ్బలాడ్డం ఎలా? ఎదురుగా ఉన్నది చూస్తే గజగజా వణుకుతోంది.

"మీ బావగారికి తెలుసా?"

"ఆయన ముందు ఎవరమూ అనేవాళ్ళం కాదు."

"పిల్లకి తెలుసా?"

"తెలీదనే అనుకుంటా."

"అనుకుంటావా?" అంది ఆవిరక్క. "సరే. విను. పిల్ల నా దగ్గరే ఉంటుంది. ఇంకొన్నాళ్ళు మీ నోళ్ళ మధ్య తిరిగితే దానికీ పట్టుబడుతుంది ఆ మాట. నేనేమన్నా అనుకుంటానని కాదు. రేపు అది ఇంకో ఆడపిల్లని అంటుంది."

చిన్నకోడలు బావురుమని ఏడుస్తూ ఆవిరక్క చెయ్యి పట్టుకోబోయింది. ఆవిరక్క చెయ్యి వెనక్కి తీసుకుంది.

"పిల్ల సంగతి అది. నీ సంగతి వేరు. నువ్వు మాత్రం ఇవాల్టినుంచీ నన్ను అక్కా అనకు."

"అక్కా!"

"అదిగో."

"మరేమని పిలవనక్కా?"

"మళ్ళీ!"

చిన్నకోడలు ముక్కు తుడుచుకుని దీక్షగా ఆలోచించింది. "వదినా అని పిలవనా?"

"వదిన అయితే ఆవిడ మొగుడు నీకు అన్న అవుతాడు. అన్నకి తమ్ముడు నీకేమవుతాడే?" అంది సూది పిన్ని.

"ఛీ ఛీ!" అంది చిన్నకోడలు.

"మేడమ్ అను" అంది బుల్లెట్.

"నువ్వు నోరు ముయ్యి" అన్నారు ముగ్గురూ ఒక్కసారి.

మేస్త్రీ బాబాయికి ఇదంతా పెదాల మీద సగంసగమే అందింది. గొట్టంలో ఏమీ ఇరుక్కోలేదని మాత్రం తేలింది. గొడ్డలి తీసుకుని, గొణుక్కుంటూ వెళ్ళి, మిషన్లన్నీ మళ్ళీ వేశాడు. ఆ గోలలో ఇక ఎవరూ ఎవర్నీ ఏమీ పిలవాల్సిన అవసరం లేకుండా సాయంత్రం దాకా గడిచిపోయింది.

ఆదివారం పొద్దున లారీ వచ్చింది. సామాను ఎక్కించడం అయింది. మరిది "వెళ్ళొస్తా వదినా" అని చెప్పి ముందు సీట్లో కూచున్నాడు. అతనికీ సంగతి తెలిసినట్టుంది, కళ్ళలోకి చూడలేదు. చిన్నకోడలు గుమ్మం దగ్గర పిచ్చుక తల దువ్వుతూ ఆలస్యం చేస్తోంది. ఆవిరక్క జానెడు దూరంలోనే నిలబడి ఉంది.

చిన్నకోడలు నోరు తెరిచింది. పిలవడానికి మాట లేదు. మూసింది. చివరికి కూతురి వైపు తిరిగి, "పెద్దమ్మతో చెప్పవే, నీకు చల్లనీళ్ళు పడవని" అంది.

పిచ్చుక పెద్దమ్మ వైపు తిరిగింది. చెప్పేలోపలే ఆవిరక్క, "అమ్మతో చెప్పు, నాకు తెలుసని" అంది.

"పెద్దమ్మతో చెప్పు, వెళ్ళగానే ఫోన్ చేస్తానని."

"అమ్మతో చెప్పు, చేస్తే నువ్వే ఎత్తుతావని."

పిచ్చుక మెడ అటూ ఇటూ తిప్పి తిప్పి విసుగెత్తిపోయింది. "ఇద్దరూ ఇక్కడే ఉన్నారుగా! నాకెందుకు చెప్తారు? మీకు దెబ్బలాటా?"

"లేదు" అంది చిన్నకోడలు.

"అవును" అంది ఆవిరక్క.

పిచ్చుక మళ్ళీ ఇద్దర్నీ చూసింది. "పెద్దమ్మ అంటే అమ్మకి అక్క గదా? అక్కాచెల్లెళ్ళు మాట్లాడుకోరా?"

ఆవిరక్క ఆలోచనలో పడింది. అక్కని కానంటే పెద్దమ్మని ఎలా అవుతుంది? శుక్రవారం అంత ఆవేశంలో ఈ మెలిక ఎవరికీ తట్టలేదు, తనకి అసలే తట్టలేదు. తీసేసిన పిలుపు తిరిగి ఇచ్చెయ్యాలంటే మనసొప్పట్లేదు. ఇవ్వకుండా ఉండాలంటే ఈ పిల్ల నోట పెద్దమ్మా అనిపించుకోవడానికి హక్కేముంది?

లారీ హారన్ మోగింది. చిన్నకోడలు కూతుర్ని ముద్దుపెట్టుకుని, ఆవిరక్క మొహంలోకి బితుకు బితుకుమంటూ చూసి, వెళ్ళి ఎక్కింది. కిటికీలోంచి చెయ్యి ఊపింది. ఆ చెయ్యి పిల్లకో, తనకో తెలియలేదు. తెలియకుండానే ఆవిరక్క చెయ్యీ లేచింది.

లారీ మలుపు తిరిగాక పిచ్చుక పెద్దమ్మ చెయ్యి పట్టుకుని లాగింది. "ఇంతకీ దెబ్బలాట ఏంటి పెద్దమ్మా? అమ్మ నిన్నేమంది?"

"మంచిమాటే అందే" అంది ఆవిరక్క. మళ్ళీ తనే, "ముందొక మాట, వెనకొక మాట అంది. ఏది పట్టుకోవాలో నాకింకా తెలీట్లేదు" అంది.

"వెనకది పట్టుకో" అంది పిచ్చుక.

"అనుకుంటూనే ఉన్నానే. చేతికి ముందుదే తగులుతోంది."

పిచ్చుకకి ఏమీ అర్థం కాలేదు. అయినా పెద్దదానిలా తల ఊపి, ఆకలేస్తోందని చెప్పి, ఆవిడ చెయ్యి వదలకుండా లోపలికి నడిచింది.